టెంపో ట్రావెలర్ (టీటీ)ని క్యాంపర్‌గా మారుస్తున్నాం, ఈ సోలార్ కొటేషన్ ఒకసారి చూసి చెప్పండి

నాగేంద్ర_హూడి

అందరికీ నమస్కారం. మాది మదనపల్లె, ఉద్యోగాల కోసం బెంగళూరులో ఉంటున్నాం. సెకండ్ హ్యాండ్‌లో ఒక ట్రావెలర్ 3350 కొన్నాం, సీట్లు పీకించేశాం, లోపల ఇన్సులేషన్, చెక్కపని నడుస్తున్నాయి. కరెంటు దగ్గరికి వచ్చేసరికి బుర్ర పనిచేయడం మానేసింది, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

మేం నలుగురం. నేను, మా ఆవిడ, ఐదేళ్ల పాప, మా అత్తగారు. అత్తగారు ఇన్సులిన్ మీద ఉన్నారు కాబట్టి ఫ్రిజ్ ఒక్కటి ఎట్టి పరిస్థితిలోనూ ఆగకూడదు, మిగతావి ఆగితే సర్దుకుంటాం. మామూలుగా వీకెండ్లకి లేపాక్షి, హార్స్‌లీ హిల్స్, గండికోట, ఇలాంటివి. ఎండాకాలం సెలవుల్లో మాత్రం రెండు మూడు వారాలు గోకర్ణ వైపు వెళ్ళి, ఇద్దరం బండిలోనే లాప్‌టాప్‌లు పెట్టుకుని పని చేసుకోవాలని ప్లాన్.

బండి కట్టే ఆయన ఒక సోలార్ షాపుతో మాట్లాడి కొటేషన్ ఇప్పించాడు. పైన రెండు 550 వాట్ల ప్యానెళ్లు, లోపల రెండు 150 ఏహెచ్ ట్యూబులర్ (లెడ్ యాసిడ్) బ్యాటరీలు, ఇళ్లల్లో వాడే 2 కేవీఏ ఇన్వర్టర్. దాని మీదే చిన్న ఫ్రిజ్, ఇండక్షన్ స్టవ్, ఒక టన్ను ఏసీ, అన్నీ "హాయిగా నడుస్తాయి సార్" అంటున్నాడు. ఏసీ రాత్రంతా నడుస్తుందా అని రెట్టించి అడిగితే "సోలార్ ఉంది కదా సార్" అన్నాడు. రాత్రిపూట సోలార్ ఏంటో నాకు అర్థం కాలేదు. అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు. ఆయన లెక్క ఎంతవరకు నిజం, ఏం మార్చాలి? బడ్జెట్ రెండు, రెండున్నర లక్షల దాకా ఓకే.

టీటీ_రాజు

అడ్వాన్స్ ఇవ్వలేదు కదా, బతికిపోయావన్నా. ఇవ్వకు. వివరంగా చెప్పేవాళ్లు వస్తారు, ఆగు.

వోల్ట్‌మీటర్

నాగేంద్ర గారూ, అది ఇంటి మిద్దె మీదకి వేసే కొటేషన్, మీకోసం పైన పేరు మార్చారు, అంతే.

ప్యానెల్ ఎన్ని వాట్లన్నది చివర్లో తేలాలి. ముందు రోజుకి ఎంత ఖర్చవుతుందో రాసుకోండి. మీ పోస్టు చదివి నేను వేసిన లెక్క చెప్తా. 12 వోల్టుల మీద నేరుగా నడిచే 45 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్, నడిచేటప్పుడు 50 వాట్లు, ఎండల్లో సగం టైము నడుస్తూనే ఉంటుందనుకుంటే రోజుకి 600 వాట్ అవర్లు. లాప్‌టాప్‌లు రెండూ సగటున 40 వాట్ల చొప్పున ఎనిమిది గంటలు, 640. పైకప్పు ఫ్యాన్ 30 వాట్లు, పది గంటలకి 300. పడక దగ్గర 15 వాట్ల డీసీ ఫ్యాన్లు రెండు, ఎనిమిది గంటలు, 240. లైట్లు 75, ఫోన్లు, రౌటర్ కలిపి 180. నీళ్ల పంపు 60 వాట్లదైనా నడిచేది పావుగంటే, 15. మొత్తం 2050, అంటే రోజుకి రెండు యూనిట్లు. వీకెండ్ ట్రిప్పుల్లో లాప్‌టాప్‌లు తీసేస్తే ఒకటిన్నర కూడా ఉండదు.

ఇప్పుడు ఏసీ సంగతి. రేకు బండిలో ఒక టన్ను ఏసీ సగటున 750 వాట్లు లాగినా ఎనిమిది గంటలకి ఆరు యూనిట్లు. ఆ 1100 వాట్ల ప్యానెళ్లు మంచి ఎండ ఉన్న రోజున, వేడికి, దుమ్ముకి పోయేది పోగా, ఇచ్చేది నాలుగు యూనిట్లకి అటూఇటూ. బండిలో ఇంకొక బల్బు కూడా వెలగకపోయినా ఏసీకే చాలవు. ఇక ఆ ట్యూబులర్‌లు రెండూ కలిపి కాగితం మీద 3600 వాట్ అవర్లు, కానీ లెడ్ యాసిడ్‌ని సగం కిందికి దించుతూ పోతే తొందరగా పోతుంది, కాబట్టి వాడుకునేది 1800. అది కూడా పది, ఇరవై గంటల మీద నిదానంగా వాడితే వచ్చే లెక్క. ఇండక్షన్ పెట్టి ఒక్కసారిగా పెద్ద కరెంట్ లాగితే అంత కూడా రాదు. రెండింటి బరువు వంద కిలోల పైమాటే. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, పాప పడుకునే గదిలోనే పెట్టాలి. నేనైతే పెట్టను.

వాటి బదులు ఒక 12.8 వోల్టుల 200 ఏహెచ్ ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ). 2560 వాట్ అవర్లలో 2300 దాకా వాడుకోవచ్చు, బరువు పాతిక కిలోల దరిదాపుల్లో ఉంటుంది. మీ ఫ్రిజ్ ఒక్కటే అయితే ఏ ఛార్జింగూ లేకుండా మూడు రోజుల పైనే లాగుతుంది. అత్తగారి సంగతి అడిగారు కాబట్టి నాకు ముఖ్యంగా కనపడిన అంకె అదే.

ప్యానెళ్ల సంగతి చూస్తే నవ్వొచ్చింది. 550 వాట్ల ప్యానెల్ 2.28 మీటర్ల పొడవు, 1.13 వెడల్పు, 27, 28 కిలోల బరువు. పక్కపక్కన రెండు పెడితే 2.26 మీటర్లు, మీ బండి అంత వెడల్పు ఉండదు. ఒకదాని వెనక ఒకటి పెడితే నాలుగున్నర మీటర్లు ప్యానెళ్లకే పోతుంది, ఇక పైకప్పు ఫ్యాన్ ఎక్కడ పెడతారు? టేపు పట్టుకుని బండెక్కిన మనిషి రాసే కొటేషన్ కాదిది. ఇంకోటి, ఈ ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ (దేనికీ తగిలించనప్పుడు ఉండేది) 50 వోల్టుల దగ్గర ఉంటుంది. చాలామంది కొనే ఎంపీపీటీ కంట్రోలర్ (ప్యానెల్ కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు మార్చి ఎక్కించే డబ్బా) మీద 100/30 అని ఉంటుంది, మొదటి అంకె ప్యానెల్ వైపు అది తట్టుకునే గరిష్ఠ వోల్టేజ్, రెండోది బ్యాటరీ వైపు ఇచ్చే యాంపియర్లు. రెండు ప్యానెళ్లని సిరీస్‌లో కలిపితే సరిగ్గా వంద దగ్గరికొస్తాయి. చలికి ప్యానెల్ వోల్టేజ్ పెరుగుతుంది, డిగ్రీకి 0.27 శాతం చొప్పున, అంటే డిసెంబర్‌లో హార్స్‌లీ హిల్స్ మీద పది డిగ్రీల చలిలో తెల్లారేసరికి 104. కంట్రోలర్ కాలిపోతుంది. ప్యారలల్‌లో పెడితే కాలదు గానీ ముప్పై యాంపియర్లకి మించి ఇవ్వలేదు కాబట్టి 1100 వాట్లలో సగం కూడా చేతికి రాదు.

మీకు 200, 220 వాట్లవి రెండు చాలు. మంచి రోజున 1400, 1500 వాట్ అవర్లు ఇస్తాయి. బెంగళూరు ఉన్నది 13 డిగ్రీల అక్షాంశం మీద, కాబట్టి పైకప్పు మీద పరిచినట్టు పెట్టినా నష్టం తక్కువే, వంపు స్టాండ్‌ల జోలికి పోవద్దు. ప్యానెల్‌కీ రేకుకీ మధ్య గాలి ఆడేలా రెండంగుళాలన్నా వదలండి, వేడెక్కే కొద్దీ డిగ్రీకి 0.35 శాతం చొప్పున పవర్ తగ్గిపోతుంది.

రెండు యూనిట్లు ఖర్చయితే ఒకటిన్నర వస్తే మిగతాది ఎక్కడిదంటారా, మీ ఇంజిన్‌ది. ఇది ఇల్లు కాదు, కదిలే బండి, చాలామంది ఆ సంగతే మర్చిపోయి మిద్దె నిండా ప్యానెళ్లు పరుస్తారు. 30 యాంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్ ఒకటి పెడితే గంటకి 400 వాట్ అవర్లు ఆల్టర్నేటర్ నుంచి లోపలి బ్యాటరీకి వెళ్తాయి, గంటన్నర ప్రయాణానికి 600. బెంగళూరు నుంచి గండికోట వెళ్ళేలోపు బ్యాటరీ చాలావరకు నిండిపోతుంది, ఎండ ఉన్నా లేకపోయినా. రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పెట్టి నేరుగా కలిపేస్తే సరిపోతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఎల్‌ఎఫ్‌పీ ఎంత ఇస్తే అంతా మింగుతుంది, ట్రాఫిక్‌లో ఇంజిన్ నిదానంగా తిరుగుతుంటే ఆల్టర్నేటర్ లోపలి ఫ్యాన్ కూడా నిదానమే, చల్లబడక వైండింగ్ కాలుతుంది. సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర గంట ఇరుక్కుంటే చాలు.

మూడోది, 20 యాంపియర్ల ఏసీ ఛార్జర్, అంటే ఇంటి కరెంటుతో నింపేది. హోమ్‌స్టేలోనో, చుట్టాలింట్లోనో మామూలు ప్లగ్గుకి రాత్రి తగిలిస్తే ఎనిమిది గంటల్లో రెండు యూనిట్లు. మీరడిగిన రెండో 550 ప్యానెల్ కంటే ఈ ఒక్క డబ్బా మీకు ఎక్కువ పనికొస్తుంది.

సుజాత_వేలచ్చేరి

వోల్ట్‌మీటర్ గారు చెప్పిన లెక్క సరిగ్గా ఉంది. నేను వంట గురించి చెప్తా, అది మగవాళ్లు ఎప్పుడూ లెక్కలో వేసుకోరు :)

మేం చెన్నైలో ఉంటాం, మాది కూడా టీటీనే. ఇండక్షన్ మీద నలుగురికి అన్నం, పప్పు, ఒక కూర అంటే అరగంట పైనే, సగటున 1200 వాట్లు వేసుకున్నా పూటకి 600 వాట్ అవర్లు, మూడు పూటలకి దాదాపు రెండు యూనిట్లు. అంటే మీ మిగతా ఖర్చంతా ఎంతో వంటే అంత. ఇక్కడ గ్యాస్ ముందు బ్యాటరీ నిలబడలేదు. పెట్రోల్ బంకుల్లో ఇండేన్ వాళ్ల 5 కిలోల ఛోటూ సిలిండర్ దొరుకుతుంది, అడ్రస్ ప్రూఫ్ గొడవ లేదు. కిలో గ్యాస్‌లో 12, 13 యూనిట్ల వేడి ఉంటుంది, స్టవ్ మీద మూడోవంతు గాలికి పోయినా గిన్నెకి ఎనిమిది తగులుతుంది. ఐదు కిలోలకి నలభై యూనిట్లు. మీరు కొనబోయే బ్యాటరీ లాంటివి పదహారు.

గ్యాస్ పెట్టుకుంటే రెండు పనులు మాత్రం వాయిదా వేయకండి. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే నేల మీద పరుచుకుంటుంది, కాబట్టి సిలిండర్ పెట్టే అర అడుగున, నేల మట్టానికి, బయటికి చిన్న కన్నం ఉండాలి. పై కిటికీ తీసి ఉంది కదా అంటే కుదరదు. బ్యాటరీ, స్విచ్‌లు ఆ అరలో పెట్టకూడదు. రెండోది, గ్యాస్ డిటెక్టర్ కిందవైపు, కార్బన్ మోనాక్సైడ్ అలారం పడుకునే ఎత్తులో. చలేస్తోందని స్టవ్ వెలిగించి తలుపులు మూసుకుని పడుకునే తెలివైన వాళ్లు ప్రతి గ్రూపులో ఒకరుంటారు.

ఫ్రిజ్ విషయంలో ఒక మాట. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే పనికిరాదు. ఈ చిన్న పెట్టె ఫ్రిజ్‌ల గోడలు, ముఖ్యంగా చల్లబరిచే ప్లేటు పక్కన, సున్నా కిందికి పోతాయి, బయట డిస్‌ప్లే మీద 4 అని చూపిస్తున్నా సరే. మేం మా ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె గోడకి ఆనించి పెడితే పొద్దునకి ఒక పక్క ఐసు, ఇంకో పక్క పెరుగు. మందులు ఒక మూత డబ్బాలో పెట్టి మధ్యలో ఉంచండి, లోపల చవక థర్మామీటర్ ఒకటి వేసి చూస్తూ ఉండండి. వాడుతున్న పెన్ను బయట ఎన్నాళ్లు ఉంచొచ్చో డాక్టర్‌ని ముందే అడిగి రాసిపెట్టుకుంటే ఫ్రిజ్ కాస్త అటూఇటూ అయినా టెన్షన్ ఉండదు.

నలభై_ఎనిమిది_వోల్టులు

అందరూ ఇండక్షన్ వద్దంటున్నారు గానీ నేను ఒప్పుకోను. 24 వోల్టుల్లో కట్టుకుంటే కరెంట్ సగమవుతుంది, కేబుల్ సన్నబడుతుంది, 5 యూనిట్ల ఎల్‌ఎఫ్‌పీ పెట్టుకుంటే వంట, కెటిల్, మిక్సీ అన్నీ నడుస్తాయి. బండిలో పసిపిల్ల ఉండగా గ్యాస్ దేనికి? సెల్స్ విడిగా కొని సొంతంగా ప్యాక్ కట్టుకుంటే ఖర్చు కూడా అంత కాదు.

వోల్ట్‌మీటర్

@నలభై_ఎనిమిది_వోల్టులు, 24 వోల్టులు మంచిదే, రెండు వేల వాట్ల పైన ఇన్వర్టర్ పెట్టేవాళ్లకి నేనూ అదే చెప్తా. కానీ బండి 12, ఫ్రిజ్, ఫ్యాన్లు, పంపు 12, మధ్యలో ఇంకో కన్వర్టర్, దానికో ఫ్యూజు. ఆ 5 యూనిట్లు ఖాళీ అయితే నింపేదెవరు? ఆయన గోకర్ణలో వారం కదలకుండా ఉంటాడు. సొంత ప్యాక్ అంటారా, సెల్స్ బ్యాలెన్స్ చేయడం, కంప్రెషన్, బస్‌బార్ బిగింపు తెలిసినవాడు ఇక్కడ కొటేషన్ చూడమని అడగడు.

నలభై_ఎనిమిది_వోల్టులు

సొంత ప్యాక్ సంగతి వెనక్కి తీసుకుంటున్నా. ఇండక్షన్ సంగతి మాత్రం తీసుకోను. ప్లగ్గు దొరికిన రాత్రుల్లో వాడుకోవడానికి ఒకటి బండిలో పడేసుకోండి, గ్యాస్ మిగులుతుంది.

సుజాత_వేలచ్చేరి

అది న్యాయమే. మేమూ చేస్తాం. కానీ హోమ్‌స్టే వాళ్ల 5 యాంపియర్ల ప్లగ్గులో 2000 వాట్ల స్టవ్ పెట్టకండి, 15 యాంపియర్లది ఉందేమో అడగండి.

కేబుల్_మస్తాన్

నేను పదేళ్లుగా చేసేది ఆటో ఎలక్ట్రికల్ పనే. బ్యాటరీ, ప్యానెల్ ఏది కొన్నా బండి అంటుకునేది మాత్రం వైరింగ్ దగ్గరే, దాని గురించి ఎవరూ మాట్లాడరు.

ఇంట్లో 230 వోల్టుల దగ్గర ఒక వోల్టు పోతే ఎవరికీ తెలియదు. 12 దగ్గర ఒక వోల్టు అంటే ఎనిమిది శాతం. 2.5 స్క్వేర్ ఎంఎం వైర్‌లో 20 యాంపియర్లు ఐదు మీటర్లు పంపిస్తే, రానుపోను పది మీటర్ల వైరు కాబట్టి, 1.4 వోల్టులు దారిలోనే వేడైపోతుంది. అదే 10 స్క్వేర్ ఎంఎం వేస్తే 0.35. ఫ్రిజ్‌కి ఐదు యాంపియర్లే కదా అని సన్న వైరు లాగితే, కంప్రెసర్ స్టార్ట్ అయ్యే క్షణంలో వోల్టేజ్ పడిపోయి, బ్యాటరీ నిండుగా ఉన్నా ఫ్రిజ్ లో-వోల్టేజ్ అని ఆగిపోతుంది. జనం బ్యాటరీని తిడతారు. ఫ్రిజ్‌కి బ్యాటరీ నుంచి విడిగా 6 స్క్వేర్ ఎంఎం వేసేయండి, మధ్యలో సిగరెట్ లైటర్ సాకెట్ వద్దు, అది కుదుపులకి వదులవుతుంది.

బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొంటే కేబుల్ చివర బ్లేడుతో గీకి చూడండి. పైన రాగి రంగు, లోపల తెల్లగా ఉంటే అది రాగి పూత వేసిన అల్యూమినియం. రెసిస్టెన్స్ రాగి కంటే ఒకటిన్నర రెట్ల పైన. సైజు అంకె అదే ఉంటుంది, చవగ్గా వస్తుంది, తూకం వేస్తే తేలిపోతుంది. బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కి సన్న పోగుల వెల్డింగ్ కేబుల్ బాగుంటుంది, 1000 వాట్ల ఇన్వర్టర్‌కి 90 యాంపియర్లు కాబట్టి, పొడవు మీటరు లోపు ఉంటే 35 స్క్వేర్ ఎంఎం వేయండి. లగ్గులు (కేబుల్ చివర బోల్టుకి బిగించే రింగులు) సుత్తితో కొట్టి బిగించే వాళ్లున్నారు. హైడ్రాలిక్ క్రింపర్‌తో ఆరు పలకలుగా నొక్కాలి, నొక్కాక రెండు చేతులతో లాగి చూడాలి, పోగు కదిలిందంటే కోసేసి మళ్లీ చేయాలి. లోడ్ పెట్టి పది నిమిషాలయ్యాక ప్రతి లగ్గు మీదా చెయ్యి పెట్టి చూడండి, పక్క కేబుల్ కంటే లగ్గు వేడిగా ఉంటే ఆ జాయింట్ బాగాలేదని.

ఫ్యూజు బ్యాటరీ ప్లస్ పక్కనే, జానెడు దూరం లోపు. ఫ్యూజు అవతల షార్ట్ అయితే ఫ్యూజు కాపాడుతుంది, ఇవతల అయితే ఎవరూ కాపాడరు. ఎల్‌ఎఫ్‌పీ షార్ట్ అయితే వేల యాంపియర్లు వస్తాయి, అందుకే క్లాస్ టీ ఫ్యూజు, 20,000 యాంపియర్ల దాకా తెంపగలదు. ఇంటి కరెంటుకి (ఏసీ) వాడే ఎంసీబీని బ్యాటరీ కరెంటుకి (డీసీ) పెట్టే వాళ్లు కోకొల్లలు. ఏసీ సెకనుకి వంద సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి స్విచ్ తెరుచుకుంటే నిప్పురవ్వ దానంతటదే ఆరిపోతుంది. డీసీ సున్నాకి రాదు, రవ్వ సాగుతూనే ఉంటుంది, లోపల ప్లాస్టిక్ కరిగిపోతుంది. డీసీ అని రాసి ఉన్న బ్రేకరే కొనండి, ప్లస్ మైనస్ గుర్తులుంటే అలాగే బిగించండి.

బయటి ప్లగ్గుకి తగిలించే లైన్‌లో 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్), బండి బాడీకి ఎర్త్. వానలో తడిసిన బండి మెట్టు మీద పాప కాలు పెట్టినప్పుడు దాని విలువ తెలుస్తుంది. ఇక్కడ పిసినారితనం వద్దు.

నాగేంద్ర_హూడి

అందరికీ చాలా చాలా థాంక్స్. కొటేషన్ ఆయనకి ప్యానెల్ కొలతలు అడుగుతూ మెసేజ్ పెట్టా, "సైట్‌లో అడ్జస్ట్ చేస్తాం సార్" అన్నాడు. ఇక అక్కడితో అయిపోయింది.

మూడు డౌట్లు. ఒకటి, స్కూటర్లు కాలిపోయే వీడియోలు చూసి మా అత్తగారు లిథియం అంటే బండెక్కనంటున్నారు. రెండు, బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) కట్ అయితే అంతా ఒక్కసారే ఆగిపోతుందంటున్నారు, అప్పుడు ఫ్రిజ్ కూడా పోతుంది కదా. మూడు, మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్లోకి టీటీ ఎత్తు పట్టదు, వీధిలో పెద్ద రెయిన్‌ట్రీ కింద పెడుతున్నా. ప్యానెళ్లు అక్కడ ఏమైనా చేస్తాయా?

వోల్ట్‌మీటర్

మూడో దాంతో మొదలుపెడతా. చెట్టు కింద ప్యానెల్ దాదాపు ఖాళీ. నీడ మొత్తం పడక్కర్లేదు, ఒక కొమ్మ నీడ అడ్డంగా పడినా సిరీస్‌లో ఉన్న సెల్స్ అన్నీ ఆ బలహీనమైన సెల్ కరెంట్‌కే పరిమితమైపోతాయి, బైపాస్ డయోడ్‌లు మూడోవంతుని పక్కకి తప్పిస్తాయి గానీ పోయింది పోయినట్టే. అందుకే మీకు ప్యానెళ్లు రెండింటినీ ప్యారలల్‌లో కలపమంటా, ఒకదాని మీద నీడ పడ్డా రెండోది తన పని తను చేస్తుంది. ఒక్క షరతు, 36 సెల్స్ ఉన్న ప్యానెల్ తీసుకోండి, పనిచేసే వోల్టేజ్ 18 దగ్గర ఉంటుంది, 12 వోల్టుల బ్యాటరీకి సరిపోతుంది. వారం రోజులు చెట్టు కింద ఆపినా ఏం కాదు, మెయిన్ స్విచ్ ఆపేస్తే ఎల్‌ఎఫ్‌పీ ఛార్జ్ పెద్దగా తగ్గదు. బయల్దేరేముందు రాత్రి ఇంటి నుంచి ఎక్స్‌టెన్షన్ లాగి నింపుకోండి. పక్షుల రెట్టలు మాత్రం వెంటనే కడగండి, ఎండాక గీకితే గ్లాసు పాడవుతుంది.

అత్తగారికి ఇలా చెప్పండి. స్కూటర్లు, ఫోన్లలో ఎక్కువగా వాడింది నికెల్, కోబాల్ట్ ఉన్న రకాలు, వేడెక్కితే వాటిలోంచే ఆక్సిజన్ విడుదలై మంట ఆగదు. ఎల్‌ఎఫ్‌పీలో ఫాస్ఫేట్ బంధం గట్టిది, అంత సులువుగా విడిపోదు. పూర్తిగా ప్రమాదమే లేదని చెప్పకండి, అది అబద్ధం. ఇంజిన్ పక్కన కాకుండా పడక కింద, గాలి ఆడే అరలో, పట్టీలతో కదలకుండా బిగించి పెట్టండి. చాలా కంపెనీల డేటాషీట్‌లో ఛార్జింగ్‌కి 45 డిగ్రీలు హద్దు. మేలో మూసి ఎండలో పెట్టిన బండి లోపల ఆ హద్దు సులువుగా దాటుతుంది, కాబట్టి పైకప్పు ఫ్యాన్‌ని థర్మోస్టాట్ మీద పెట్టేయండి. సున్నా డిగ్రీల కింద ఎల్‌ఎఫ్‌పీకి ఛార్జ్ ఎక్కించకూడదు, లడఖ్ వెళ్ళేటప్పుడు ఆ మాట గుర్తు చేయండి.

ఫ్రిజ్ ఆగడం గురించి. బీఎంఎస్ చివరి కంచె, రోజూ అక్కడిదాకా పోకూడదు. ఎల్‌ఎఫ్‌పీ వోల్టేజ్ దాదాపు చదునుగా ఉంటుంది, 90 శాతం దగ్గరా, 40 శాతం దగ్గరా తేడా పాయింట్లలోనే, వోల్ట్‌మీటర్ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం (నా పేరు అదే అయినా సరే). షంట్ మీటర్ పెట్టండి, లోపలికి వెళ్ళిన, బయటికి వచ్చిన యాంపియర్లని లెక్కపెట్టి శాతం చూపిస్తుంది. దాని రిలేతో 30 శాతం దగ్గర ఇన్వర్టర్, ఫ్యాన్లు, రౌటర్ ఆగిపోయేలా పెట్టండి, ఫ్రిజ్ లైన్ మాత్రం ఆ రిలే గుండా పోకుండా, విడిగా. అంటే మీరు ఏమారి లాప్‌టాప్‌లు రాత్రంతా వదిలేసినా ఫ్రిజ్‌కి 700 వాట్ అవర్లు మిగిలే ఉంటాయి, ఒక రోజు హాయిగా గడుస్తుంది. ఇన్వర్టర్ ఖాళీగా ఆన్‌లో ఉన్నా 20 వాట్లు తింటుంది, రోజుకి 480, అంటే ఇంకో ఫ్రిజ్ పెట్టుకున్నట్టే. లాప్‌టాప్‌లని 12 వోల్టుల టైప్-సీ ఛార్జర్ మీద పెట్టుకుంటే ఇన్వర్టర్ మిక్సీ తిప్పేటప్పుడు తప్ప అవసరమే రాదు.

కేఏ_ఏపీ_మధ్య

కరెంటు సంగతి అందరూ చెప్పారు, కాగితాల సంగతి ఒక ముక్క. మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. సీట్లు తీసి పడకలు పెట్టడం దాని కిందికే వస్తుంది. మోటార్ కారవాన్‌లకి ఏఐఎస్-124 అని విడిగా ప్రమాణం ఉంది. బండి కట్టే ఆయన్ని "ఆర్‌సీలో ఎక్కించి ఇస్తారా" అని రాతపూర్వకంగా అడగండి, ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా చెప్పండి. బండి ఏపీ రిజిస్ట్రేషన్ అయితే, పన్నెండు నెలలు దాటి కర్ణాటకలో ఉంచితే ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయాలి.

టీటీ_రాజు

అన్నా, ఇంత తలనొప్పి ఎందుకు, రెడీమేడ్ పవర్ స్టేషన్ డబ్బా ఒకటి కొనుక్కుంటే ప్లగ్గు పెట్టి వాడుకోవడమే కదా?

కేబుల్_మస్తాన్

వీకెండ్ టెంట్‌కైతే కొనుక్కో రాజూ. అందులో ఒక బోర్డు పోతే డబ్బా మొత్తం సర్వీస్ సెంటర్‌కి పోతుంది, ఆ నెలంతా ఇన్సులిన్ ఎక్కడ పెడతారు? విడివిడిగా ఉంటే ఫ్యూజో, కంట్రోలరో మార్చి సాయంత్రానికి బయల్దేరొచ్చు.

నాగేంద్ర_హూడి

సరే, తేల్చుకున్నా. 200 ఏహెచ్ ఎల్‌ఎఫ్‌పీ, 200 వాట్లవి రెండు, 100/30, డీసీ-డీసీ 30, ఏసీ ఛార్జర్ 20, షంట్, చిన్న ఇన్వర్టర్, ఛోటూ సిలిండర్. ఏసీ లేదు, పాప అలిగింది. ఆర్‌సీ గురించి బండి ఆయన్ని అడిగా, ఇంకా జవాబు రాలేదు, అది రాకుండా మిగతా డబ్బు ఇవ్వను. ఈ ఆదివారం ఎస్పీ రోడ్డుకి వెళ్ళి కేబుల్, లగ్గులు తెచ్చుకుంటా. క్రింపర్ కొనాలా, అద్దెకి దొరుకుతుందా?

కేబుల్_మస్తాన్

ఆదివారం చాలా షాపులు మూసే ఉంటాయి, శనివారం పొద్దున్నే వెళ్ళండి. చేతితో నొక్కే హైడ్రాలిక్ క్రింపర్ అక్కడే దొరుకుతుంది, కొనేయండి, అద్దెకి వెతికే టైముకి పని అయిపోతుంది. 35కి లగ్గు కొనేటప్పుడు బోల్టు కన్నం 8 ఎంఎంమో 10 ఎంఎంమో బ్యాటరీ చూసి కొలుచుకుని వెళ్ళండి. బ్లేడు జేబులో పెట్టుకోండి, షాపువాడు ఏమన్నా అనుకోనీ.